రబ్బరుతో గీసిన బొమ్మ

శాన్ ఫ్రాన్సిస్కో మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో ఒక బొమ్మ ఉంది. దూరం నుంచి చూస్తే ఉత్త కాగితమే. సన్నటి బంగారు పూత చట్రం, లోపల అట్ట, అట్టకి కోసిన కిటికీలోంచి పాలిపోయిన కాగితం, దాని కింద ఒక చిన్న చీటీ. చీటీ మీద మూడు ముక్కలు: చెరిపేసిన డి కూనింగ్ డ్రాయింగ్, రాబర్ట్ రౌషెన్‌బర్గ్, 1953. డి కూనింగ్ అనే పేరున్న చిత్రకారుడు గీసిన డ్రాయింగుని రౌషెన్‌బర్గ్ అనే కుర్ర చిత్రకారుడు అడిగి తీసుకుని రబ్బరుతో చెరిపాడు, అదే ఈ బొమ్మ. చట్రంతో కలిపి ఎత్తు 64 సెంటీమీటర్లు, వెడల్పు 55, మందం సెంటీమీటరు పైచిలుకు. అంతే సరుకు.

దీని మాట ఎత్తగానే మన దగ్గర రెండు రకాల జవాబులొస్తాయి. ఒకటి, ‘ఇదేం కళండీ, మా బుడ్డోడూ చెరుపుతాడు’. రెండోది కాస్త చదువుకున్న జవాబు: ‘ఇక్కడ బొమ్మ ముఖ్యం కాదు, ఐడియా ముఖ్యం’. నా పేచీ ఈ రెండోదాంతోనే. మొదటాయన కనీసం కాగితం వంక చూశాడు, చూసి విసుక్కున్నాడు. రెండోవాళ్ళు కథ విని తలూపేసి ముందుకెళ్ళిపోయారు. ఐడియానే అయితే ఒక్క పూటలో అయిపోవాల్సిన పని. కానీ రౌషెన్‌బర్గ్‌కి ఒక లెక్కన నెల, ఇంకో లెక్కన రెండు నెలలు పట్టింది (ఒక్కో ఇంటర్వ్యూలో ఒక్కోలా చెప్పాడు), బోలెడన్ని రబ్బర్లు అరిగిపోయాయి, అప్పటికీ బొమ్మ పూర్తిగా పోలేదు. అన్నాళ్ళు రుద్దిన చెయ్యిని పక్కన పెట్టేసి ఐడియా గురించి మాట్లాడితే, వంట సంగతి వదిలేసి విస్తరాకు గురించి మాట్లాడినట్టు.

కథ చాలామందికి తెలిసిందే కాబట్టి క్లుప్తంగా. టెక్సాస్‌లోని పోర్ట్ ఆర్థర్‌లో 1925లో పుట్టిన రౌషెన్‌బర్గ్, బ్లాక్ మౌంటెన్ కాలేజీలో చదివే రోజుల్లో, 1951లో, ఒట్టి తెల్ల పెయింటింగులు వేశాడు. వాటి మీద పడే నీడలూ వెలుగూ తప్ప వాటిలో ఏమీ ఉండదు. ఆ తెలుపుని డ్రాయింగులోకి ఎలా తేవాలన్నది అతని తర్వాతి సమస్య. ముందు తన బొమ్మలే తాను గీసి చెరిపాడు. కుదరలేదు. చెరిపే వస్తువు ముందే కళగా నిలబడినదై ఉండాలనుకున్నాడు. అప్పటికి న్యూయార్కులో విలెమ్ డి కూనింగ్‌ది పెద్ద పేరు. 1953 మార్చిలోనే అతని ‘స్త్రీ’ బొమ్మల ప్రదర్శన ఊరంతా గోల చేసింది. ఇరవై ఏడేళ్ళ కుర్రాడు ఒక విస్కీ సీసా పట్టుకుని, ‘ఇంట్లో లేకపోతే బావుణ్ణు’ అనుకుంటూ తలుపు తట్టాడు. ఆయన ఉన్నాడు. విన్నాడు. నచ్చలేదన్నాడు, అయినా ఇస్తానన్నాడు. అయితే ఊరికే ఏదో ఒకటి ఇవ్వలేదు. పోతే తనకి బెంగ కలిగేదీ, చెరపడానికి కష్టమైనదీ ఏరి మరీ ఇచ్చాడు.

ఆ ‘కష్టమైనది’ అన్న మాట దగ్గర ఆగాలి. ఎదుటివాడి ఆలోచన డి కూనింగ్‌కి నచ్చినా నచ్చకపోయినా, చేతిపనివాడు కనుక అది ఎక్కడ తిరగబడుతుందో ఆయనకి తెలుసు. రౌషెన్‌బర్గ్ చెప్పినదాని ప్రకారం ఆ కాగితం మీద బొగ్గు, పెన్సిలు, క్రేయాను, ఆయిల్ పెయింటు ఉన్నాయి. నాలుగూ నాలుగు రకాలుగా కాగితానికి అంటుకుంటాయి, నాలుగు రకాలుగా మొండికేస్తాయి. ఒకే రబ్బరుతో నాలుగూ పోవు. ఇక్కణ్ణుంచి కాసేపు రబ్బర్ల గురించే మాట్లాడతాను. ఈ బొమ్మ పనిముట్టు అదే, పైగా దాని గురించి ఎవరూ రాయరు.

బొగ్గులో జిగురుండదు. కాల్చిన పుల్ల పొడి కాగితపు గరుకులో చిక్కుకుని ఉంటుంది, అంతే. అందుకే ఊదినా కొంత పోతుంది. పైకి ఇది అన్నిటికంటే తేలిక, కానీ మొదటి అడుగు తప్పితే ఇదే అన్నిటికంటే దరిద్రం. వేలితో గానీ గట్టి రబ్బరుతో గానీ రుద్దామా, పొడి లోపలి పోగుల్లోకి దిగిపోయి కాగితమంతా బూడిద రంగుకి తిరుగుతుంది. ఆ బూడిద ఇంక కదలదు. ముందు కాగితాన్ని నిలువుగా పట్టుకుని వెనకనుంచి వేళ్ళతో తట్టాలి, తర్వాత మెత్తటి కుంచెతో దులపాలి, ఆ తర్వాత ముద్ద రబ్బరు. చపాతీ పిండిలా పిసికితే సాగే బూడిద రంగు రబ్బరు అది. దాన్ని రుద్దకూడదు. అద్దాలి, ఎత్తాలి, నల్లబడిన వైపు లోపలికి మడిచి మళ్ళీ అద్దాలి. ముద్ద మొత్తం నల్లబడ్డాక కూడా అదే వాడితే, తీసిన బొగ్గే తిరిగి పులుముతున్నామన్నమాట.

పెన్సిలు గ్రాఫైటు పలచటి పొరలు పొరలుగా ఉంటుంది, కాగితం మీద జారి పరుచుకుంటుంది. రంగు వరకు మామూలు రబ్బరుతో పోతుంది. పోనిది గాడి. గట్టిగా నొక్కి గీసిన గీత కాగితాన్ని అణుస్తుంది. నలుపు పోయినా ఆ పల్లం ఉంటుంది, పక్కనుంచి వెలుతురు పడితే మళ్ళీ గీతలా కనిపిస్తుంది. తాటాకు మీద గంటంతో రాసేవాళ్ళకి ఇది తెలిసిన సంగతే. ముందు గంటంతో గాడి, తర్వాత దాంట్లో మసి. మసి తుడిచేసినా అక్షరం ఎక్కడికీ పోదు. డి కూనింగ్ చెయ్యి మెత్తటి చెయ్యి కాదు. కాబట్టి రౌషెన్‌బర్గ్ ఎంత రుద్దినా గాళ్ళు ఉంటాయి.

క్రేయాను సంగతి వేరు. మైనం, లేదా జిడ్డు. రుద్దితే వేడి పుడుతుంది, వేడికి మైనం మెత్తబడుతుంది, మెత్తబడ్డది పక్కకి పాకుతుంది. గట్టిగా రుద్దినకొద్దీ మరక పెద్దదవుతుంది. ఇక్కడ ఓపిక ఒక్కటే చాలదు, క్రమం కావాలి: దళసరిగా ఉన్న మైనాన్ని ముందు మొద్దు బ్లేడుతో గీకి లేపాలి (కాగితాన్ని పది నిమిషాలు ఫ్రిజ్‌లో పెడితే మైనం పెళుసుగా మారి పెచ్చులుగా లేస్తుంది), ఆ తర్వాత ముద్ద రబ్బరు, చివరగా మాత్రమే ఇంకు రబ్బరు. రుద్దేటప్పుడు మధ్యమధ్యలో ఆగి చల్లారనివ్వాలి. ఇంత చేసినా మైనంలో కలిసిన రంగు కొంత పోగుల్లో ఉండిపోతుంది.

ఆయిల్ పెయింటు గురించి చెప్పాలంటే, అది చెరగదు. ఎండిన రంగుపొరని గీకొచ్చు, గరుకు కాగితంతో అరగదియ్యొచ్చు. కానీ అవిసె నూనె అప్పటికే కాగితంలోకి ఇంకి ఉంటుంది. బజ్జీల పొట్లం కాగితం ఎలా పారదర్శకంగా మారుతుందో అలాగే ఇంకినచోట కాగితం వెలుగుని లోపలికి రానిస్తుంది. కాకపోతే బజ్జీల నూనెలా కాకుండా అవిసె నూనె గాలి తగిలి గట్టిపడుతుంది, ఏళ్ళు గడిచేకొద్దీ పసుపెక్కుతుంది, గోధుమ రంగుకి తిరుగుతుంది, కాగితాన్ని పెళుసుగా చేస్తుంది. అంటే నూనె తగిలినచోట మచ్చ తగ్గేది పోయి వయసుతో పాటు పెరుగుతుంది. చెరిపినవాడు చెరపడం ఆపినా కాగితం పని ఆపదు.

ఇంకు రబ్బరు మాట వచ్చింది కాబట్టి: సగం ఎరుపు, సగం నీలం ఉండే రబ్బరు గుర్తుందా? నీలం వైపుతో ఇంకు పోతుందని బడిలో అందరం నమ్మినవాళ్ళమే. ఇంకు పోదు, కాగితం పోతుంది. అందులో గరుకు రాతిపొడి కలిపి ఉంటుంది, అది ఇంకు పట్టిన పోగుల్నే గీకేస్తుంది. నోటుపుస్తకంలో చిల్లు పడేది అందుకే. కాగితానికి పైన జిగురు పూత ఒకటి ఉంటుంది, సైజింగ్ అంటారు. అది తెగిందంటే పోగులు నూగులా పైకి లేస్తాయి. లేచిన నూగు చుట్టుపక్కల మురికినంతా లాక్కుంటుంది. అందుకే బాగా చెరిపినచోట మొదటికంటే మాసినట్టుంటుంది. తెల్ల ప్లాస్టిక్ రబ్బరు ఇంత మొరటుది కాదు గానీ దాని తంటా దానిది. జామెట్రీ బాక్సులో వదిలేసిన రబ్బరు ప్లాస్టిక్ కోణమానినికి అతుక్కుపోయి, కోణమాని మీద గుంట పడ్డం చూసే ఉంటారు. దాన్ని మెత్తగా ఉంచడానికి కలిపిన నూనెలాంటి పదార్థం బయటికి కారి చేసే పని అది. ఆ రబ్బరు ముక్కల్ని బొమ్మ మీద వదిలేసి పడుకుంటే కాగితానికీ మంచిది కాదు. మామూలు రబ్బరులో ఉండే గంధకం ఇంకో బాధ, మిగిలిన పొట్టు దగ్గర ఏళ్ళ తరబడి పసుపు మచ్చలు వస్తాయి. పొట్టుని అరచేత్తో తుడవకూడదు, చెమట జిడ్డు అంటుతుంది. కుంచెతో దులపాలి.

నమ్మకం లేకపోతే ఒక పని చెయ్యండి. 200 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకి 200 గ్రాములు తూగే) కార్ట్రిడ్జ్ కాగితం ఒకటి తీసుకుని, ఐదేసి సెంటీమీటర్ల చదరాలు నాలుగు గీసుకోండి. ఒకదాంట్లో బొగ్గు, ఒకదాంట్లో గట్టిగా నొక్కిన 4బీ పెన్సిలు, ఒకదాంట్లో మైనం క్రేయాను, నాలుగోదాంట్లో పలచగా ఆయిల్ పెయింటు. వారం పదిరోజులు ఆరనివ్వండి. తర్వాత చెరపండి. ఎడమచెయ్యి కాగితం మీద ఆనించి, ఆ చేతి దగ్గర్నుంచి అంచు వైపుకే రుద్దాలి. అటూ ఇటూ రుద్దితే కాగితం మడతపడుతుంది, మడత దగ్గర చిరుగుతుంది. విశాఖ లాంటి ఉప్పగాలి ఊళ్ళలో వానాకాలం ఈ పని పెట్టుకోకండి, చెమ్మ పట్టిన కాగితం రెండు రుద్దులకే నూగు లేస్తుంది. అయ్యాక కాగితాన్ని కిటికీకి అడ్డంగా పట్టి చూడండి, తర్వాత టార్చి పక్కనుంచి వేసి చూడండి. నాలుగు చదరాలూ నాలుగు రకాల బొమ్మలై ఉంటాయి: ఒకటి పొగమంచు, ఒకటి గాళ్ళ వరస, ఒకటి రంగు నీడ, ఒకటి నూనె కిటికీ. ఏ ఒక్కటీ ఖాళీ కాదు. మ్యూజియంలో ఉన్న కాగితం మీద జరిగిందీ ఇదే, అన్నీ ఒకదాని మీద ఒకటి పడి.

అందుకే నాకు ఆ మ్యూజియం వాళ్ళు సామగ్రి కింద రాసిన వాక్యం ఇష్టం: కాగితం మీద డ్రాయింగు సామగ్రి ఆనవాళ్ళు, చీటీ, బంగారు పూత చట్రం. విమర్శకులు పేజీలకొద్దీ రాసినదానికంటే సరుకుల జాబితాలాంటి ఈ ముక్క నిజాయితీగా ఉంది. కాగితం ఖాళీ అని అది ఎక్కడా అనలేదు.

ఇంకో సంగతి. దీన్ని శిష్యుడు గురువుని చంపడంగా, పెద్దవాణ్ణి తుడిచిపెట్టి కుర్రాడు పీఠమెక్కడంగా చెప్పేవాళ్ళున్నారు. చప్పట్లు పడే వ్యాఖ్యానం. కానీ డి కూనింగ్ బొమ్మలు గీసే పద్ధతి తెలిస్తే ఇది నిలవదు. ఆయన రోజూ చెరిపేవాడే. ‘స్త్రీ 1’ పెయింటింగు మీద 1950 నుంచి 1952 దాకా పనిచేశాడు, వేసింది గీకడం, గీకినదాని మీద మళ్ళీ వేయడం. డ్రాయింగుల్లోనూ అంతే, రబ్బరు ఆయనకి పెన్సిలంత మామూలు పనిముట్టు. పాత గీత తాలూకు మసక కొత్త గీత వెనక ఉంటేనే ఆయనకి బొమ్మ కదిలినట్టుండేది. అంటే రౌషెన్‌బర్గ్ ఆయన పద్ధతికి అడ్డం పోలేదు, అందులో సగాన్ని తీసుకుని చివరిదాకా వెళ్ళాడు. ఇది విధ్వంసమా అని ఒక ఇంటర్వ్యూలో అడిగితే, కవిత్వం అన్నాడు. ఆ జవాబు నాకు కాస్త తేలిగ్గా తప్పించుకున్నట్టే అనిపిస్తుంది. ‘పని’ అని ఉంటే సరిపోయేది.

ఇక 2010 నాటి సంగతి. డి కూనింగ్ ఇచ్చిన బొమ్మకి ఫొటో లేదు. మ్యూజియం వాళ్ళు కాగితాన్ని ఇన్‌ఫ్రారెడ్‌లో స్కాన్ చేసి, కంప్యూటర్లో స్పష్టత పెంచారు. ఒకే కాగితం మీద వేర్వేరు దిక్కులకి తిరిగి ఉన్న మనిషి ఆకారాలు కొన్ని బయటపడ్డాయి. ఇప్పుడు ఇంటర్నెట్లో అసలు బొమ్మ పక్కన ఈ స్కాను బొమ్మ లేకుండా వ్యాసమే ఉండట్లేదు. ‘చెరిపేసిన బొమ్మ దొరికింది’ అని శీర్షికలు.

దొరికింది ఏమిటో సరిగ్గా చూద్దాం. బొగ్గు, గ్రాఫైటు రెండూ కర్బనమే. కర్బనం ఇన్‌ఫ్రారెడ్ వెలుగుని మింగేస్తుంది, కాగితం తిప్పికొడుతుంది. అందువల్ల కంటికి ఆనని బొగ్గు నలుసులు కూడా స్కానులో నల్లగా వస్తాయి. కానీ రంగుల క్రేయాన్లలోనూ ఆయిల్ రంగుల్లోనూ చాలావాటికి ఆ వెలుగు తగిలీ తగలనట్టే ఉంటుంది, అవి పలచబడో మాయమయ్యో కనిపిస్తాయి. అంటే స్కానులో బాగా తేలేది నాలుగు వస్తువుల్లో రెండే. పైగా డి కూనింగ్ తానే గీసి తానే చెరిపిన గీతలు, రౌషెన్‌బర్గ్ చెరిపిన గీతలు, రెండూ స్కానుకి ఒకటే. 1953లో ఆ స్టూడియోలో చేతులు మారిన బొమ్మ ఇలా ఉండేదని ఆ స్కాను చెప్పదు, చెప్పలేదు. అది కాగితం మీద ఇవాళ మిగిలిన కర్బనం పటం, అంతకు మించి కాదు. పరిశోధనగా దానికి విలువుంది, కాదనను. కానీ దాన్ని ముందు చూసినవాళ్ళు తర్వాత అసలు కాగితం ముందు నిలబడితే, కళ్ళు ఆ ఆకారాల్నే వెతుక్కుంటాయి. ఇక్కడ భుజం ఉండాలే, అక్కడ కాలు ఉండాలే అని. రుద్దిన దిశ, ఎక్కడ చెయ్యి ఆగిందో, ఎక్కడ కాగితం నలిగి మెత్తబడిందో, ఇవన్నీ అడ్డంగా కనిపించడం మొదలవుతుంది. ఇదే నా అసలు ఫిర్యాదు.

పలక తుడిచినప్పుడు ఏం మిగులుతుందో మనకి తెలుసు. నిన్నటి ఎక్కం తెల్లటి మబ్బులా పలక మీద ఉంటుంది, దాని మీదే ఇవాళ్టి ఎక్కం రాస్తాం. నల్లగా కావాలంటే బొగ్గుపొడీ ఆకుపసరూ కలిపి రుద్దాలి, అప్పుడూ గట్టిగా రాసిన బలపం గీత వెతికితే దొరుకుతుంది. తుడిచిన పలక చూసి ఎవరూ ‘ఖాళీ పలక’ అనరు, ‘తుడిచిన పలక’ అంటారు. భాషకి ఉన్న ఆ పాటి వివేకం ఈ కాగితం దగ్గరా వాడితే చాలు.

చీటీ సంగతి కూడా చూడాలి, ఎందుకంటే ఐడియానే ముఖ్యమనే ఎదుటి పక్షం వాళ్ళకి బలమైన ఆధారం అదే. చీటీ లేకపోతే ఇది ఎవరికీ ఏమీ కాదంటారు. నిజమే. ఆ చీటీ మీద అక్షరాలు రాసింది రౌషెన్‌బర్గ్ కాదు, జాస్పర్ జాన్స్ అనే మరో చిత్రకారుడు. ఇద్దరికీ పరిచయమైందే 1953 చివర, 1954 మొదట్లో. కాబట్టి కాగితం చెరిపిన చాలాకాలానికి గానీ చీటీ రాలేదు. అక్షరాలు అచ్చులు పెట్టి గీసినట్టు, ఇంజనీర్ల డ్రాయింగు మీద ఉండే తరహాలో ఉంటాయి. చేతి ఛాయ లేకుండా. రెండు చేతుల కొట్లాట పైన, ఎవరి చెయ్యీ కాని అక్షరాలు కింద. ఇది ఐడియాకి తగిలించిన బోర్డు అనుకుంటే సగమే చూసినట్టు. కూర్పులో అదొక భాగం. పైన మసకకి కింద పదును కావాలి, లేకపోతే కన్ను నిలవదు. చట్రం కూడా అంతే. వెనకవైపు అట్ట మీద రౌషెన్‌బర్గ్ రాసిపెట్టాడు, డ్రాయింగుని చట్రంలోంచి తీయవద్దనీ, చట్రం డ్రాయింగులో భాగమనీ. అప్పుడు దీని సామగ్రి జాబితా ఇలా అవుతుంది: ఒకరి బొగ్గు, ఇంకొకరి రబ్బరు, మూడోవాడి అక్షరాలు, అట్ట, బంగారు పూత. మిక్స్‌డ్ మీడియా అన్న మాట ఇంత కచ్చితంగా అతికేది నాకు తెలిసి తక్కువ.

రౌషెన్‌బర్గ్‌ని ఐడియాల మనిషి అనేవాళ్ళు అతని మిగతా పనీ చూడాలి. అదే 1953లో ఇరవై కాగితాలు అతికించి రోడ్డు మీద పరిచి, సంగీతకారుడు జాన్ కేజ్ చేత ఫోర్డ్ కారు నడిపించి, టైరు ముద్ర తీశాడు. 1975లో అహ్మదాబాద్ వచ్చి గాంధీ ఆశ్రమం కాగితపు మిల్లులో పనిచేశాడు. అక్కడ చేసిన వాటిలో ‘యూనియన్స్’ అనే వరసకి వాడిన మట్టిలాంటి ముద్దలో ఏమేం కలిపారో చూడండి: కాగితపు గుజ్జు, మెంతిపొడి, చింతగింజల పొడి, సుద్ద, జిగురు పొడి, మైలుతుత్తం, నీళ్ళు. గుడ్డ మీద కథల పటాలు వేసే చేర్యాల నకాషీవాళ్ళు ఈ జాబితాలో సగం చూడకుండానే చెప్పేస్తారు. వాళ్ళు ఖద్దరు గుడ్డకి పట్టించే పూతలోనూ సుద్దమట్టి, చింతగింజల అంబలి, బంక ఉంటాయి. ఏది దేన్ని పట్టుకుంటుంది, ఏది పురుగు పట్టకుండా ఆపుతుంది, ఏది ఆరాక పగులుతుంది అన్న లెక్కలు తెలిసిన చెయ్యి అది. రబ్బరు పట్టుకున్నదీ అదే చెయ్యి.

ఒక్కచోట మాత్రం ఎదుటి పక్షానికి ఒప్పుకుంటాను. డి కూనింగ్ కాక అనామకుడెవరిదో బొమ్మ ఇంతే కష్టపడి చెరిపితే, ఇంతే అందమైన మసక మిగిలితే, అది మ్యూజియం గోడెక్కేదా? ఎక్కేది కాదు. పేరు బరువు ఇందులో ఉంది. 1998లో మ్యూజియం కొనేదాకా నలభై అయిదేళ్ళు రౌషెన్‌బర్గ్ దాన్ని తన దగ్గరే ఉంచుకున్నాడు, ఆ బరువు అతనికీ తెలియకపోలేదు. కానీ పేరు వల్ల గోడెక్కిన బొమ్మలు లక్ష ఉన్నాయి. ఎక్కాక అక్కడ నిలబడి చూడదగ్గదేమైనా ఉందా అన్నది వేరే ప్రశ్న, దానికి జవాబు కాగితంలోనే ఉంది.

ఇంట్లో చెరిపి చూసేవాళ్ళకి ఇంకో జాగ్రత్త చెప్పడం మరిచాను. కాగితానికి రెండోవైపు కూడా బొమ్మ ఉంటే, కింద బటర్ పేపరు పరవకుండా రుద్దకండి. పైన చేసే ఒత్తిడికి కింది బొగ్గు బల్లకి అంటుకుని, అదీ పులిమినట్టవుతుంది. ఈ కాగితానికీ రెండోవైపు ఉంది. అక్కడ డి కూనింగ్ గీసిన మరో డ్రాయింగు ఉంది, దాన్ని చెరపలేదు. చట్రంలోంచి తీయవద్దని రాసి ఉంది కాబట్టి, అది గోడ వైపు తిరిగి ఉంటుంది.